తక్కెడ మాస్టారు ఖాళీగా వదిలిన గడి

ఓడిపోవడానికే పంపుతున్నామని ముందే చెప్పేస్తే, వందమంది సైనికుల్లో ఎంతమంది కదులుతారు?

ఈ ప్రశ్న నన్ను అడిగినవాడు సేనాపతీ కాడు, చరిత్ర పాఠాలు చెప్పేవాడూ కాడు. దర్జీ కొట్టు పైనున్న మూడు గదుల ఆఫీసులో, కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చుని, కంప్యూటర్‌లో ఆడుకునే యుద్ధాల ఆటకి అంకెలు సరిచూసే మనిషి. తెలీదన్నాను అప్పుడు. పన్నెండేళ్ళయింది. ఇప్పుడు అడిగినా అదే అంటాను, కాకపోతే ఇంకాస్త ఆలోచించి అంటాను.

ఆఫీసులో అందరూ అతన్ని తక్కెడ మాస్టారు అనేవాళ్ళు. మాస్టారు ఎందుకో నాకు తెలీదు, అతను ఎవరికీ పాఠాలు చెప్పినట్టు లేదు. తక్కెడ మాత్రం సరిగ్గా కుదిరింది. రెండు పక్షాల్లో ఏదీ మరీ పైకి లేవకుండా, ఏదీ మరీ కిందికి దిగకుండా చూడడమే అతని ఉద్యోగం. మనిషి కూడా అలాగే ఉండేవాడు. టీ తాగుతారా అని అడిగితే తల ఒకసారి ఎడమకీ ఒకసారి కుడికీ వంచి, తాగితే ఏమిటి, తాగకపోతే ఏమిటి అని లెక్క చూసుకుని గానీ జవాబు చెప్పేవాడు కాదు. ఆలోగా టీ చల్లారేది.

అంతకుముందు పదహారేళ్ళు ఒక బీమా కంపెనీలో గుమస్తా. ఫలానా వయసువాళ్ళు వెయ్యిమంది ఉంటే, ఏడాది తిరిగేసరికి ఎందరు పోతారో పట్టికలు తయారుచేసే పని. "ఎవరు పోతారో నాకు తెలీదక్కా, ఎంతమంది పోతారో మాత్రం తెలుసు" అనేవాడు, సాయంత్రం వాన పడుతుందని చెప్పినంత మామూలుగా. తర్వాత ఆ పని యంత్రాలకి అప్పజెప్పి కంపెనీ అతన్ని ఇంటికి పంపేసింది. మా ఓనరు, అంకెలతో కాపరం చేసిన మనిషి కోసం వెతుకుతూ, అతన్ని పట్టుకొచ్చాడు.

నేను ఇంకో దారిన వచ్చాను. ముప్ఫయ్యేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్ది, ఇంట్లో కూర్చోమంటే ఏం చెయ్యాలో తోచక, ఆటలో రాజులు రాసుకునే ఉత్తరాలూ దూతలు చెప్పే మాటలూ తప్పుల్లేకుండా చూసే పనికి కుదిరాను. ఆ ఆట ఆడడం నాకు చివరిదాకా పట్టుబడలేదు. అందుకే కాబోలు, అతను తన చిక్కులన్నీ నాకు చెప్పుకునేవాడు. తెలిసినవాళ్ళకి చెబితే మధ్యలో అడ్డొస్తారు.

చిక్కేమిటో నాకు అర్థమైనంత చెబుతాను. పాతకాలపు రాజ్యాలు రెండు. ఒక్కోదానికి కొన్ని దళాలు, దళానికి వందమంది, ఒక జెండా. యుద్ధంలో గెలిచిన దళం జెండా మీద ఒక గీత పడుతుంది. గీత అంటే అనుభవం. గీత ఉన్న దళం ఇంకాస్త గట్టిగా కొడుతుంది, ఇంకాస్త ఆలస్యంగా పారిపోతుంది. ఐదు గీతలు పడితే దాని జోలికి ఎవరూ పోరు. చూడ్డానికి న్యాయంగానే ఉంది. కానీ మొదటి యుద్ధం గెలిచినవాడు ఆ గీత వల్ల రెండోది గెలుస్తాడు, ఆ రెండింటి వల్ల మూడోది. ఓడినవాడికి ఎప్పుడూ కొత్తవాళ్ళే. మూడో యుద్ధం ముగిసేసరికి ఎవరిది రాజ్యమో తేలిపోతుంది, మిగతా ఇరవై యుద్ధాలూ పేరుకి.

ఈ సంగతి మొదట మొహం మీద చెప్పింది ఓనరు గారి మరదలు. ఆమె సగం పూట కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసి, మిగతా సగం మా ఆఫీసులో ఆట ఆడి తప్పులు పట్టేది. ఓటమి ఒప్పుకోదు గనక మహారాణి అని పేరు. మూడో యుద్ధం గెలవగానే కుర్చీ వెనక్కి నెట్టి, ఇంక ఇంటికి పోయి గిన్నెలు తోముకుంటే నయం, వాటితో ఎవరు గెలుస్తారో ముందే తెలీదు అంది.

ఆట బజారులోకి వెళ్ళడానికి రెండు నెలలుంది. ఓనరు చెడ్డవాడు కాదు, తొందరమనిషి. గీతలే తీసేద్దాం, మీకూ తలనొప్పి వదులుతుంది అన్నాడు. తక్కెడ మాస్టారు తల అటూ ఇటూ వంచకుండా జవాబు చెప్పడం నేను చూసింది ఆ రోజే.

"తీసేస్తే నిన్న చేరినవాడూ ఇరవై యుద్ధాలు చూసినవాడూ ఒకటైపోతారండీ. అది అబద్ధం."

"ఆటే అబద్ధం కదా మాస్టారూ."

"ఆట అబద్ధమే. అంకె అబద్ధం కాకూడదు."

సరే, రెండు నెలల్లో తూకం కుదిర్చితే గీతలుంటాయి, లేకపోతే తీసేస్తాను అన్నాడు ఓనరు. గీతలు లేనప్పుడు వాటిని చూసుకునే మనిషి మాత్రం ఎందుకన్న మాట అతను అనలేదు గానీ, మా అందరికీ వినబడింది. యాభై నాలుగేళ్ళ వయసులో అతన్ని పిలిచి ఇంకో ఉద్యోగం ఇచ్చేవాళ్ళు లేరు.

అతని పనితీరు విచిత్రం. ఏ అంకె మార్చాలన్నా ముందు కంప్యూటర్ ముట్టుకునేవాడు కాదు. కింద దర్జీ దగ్గర మిగిలిపోయిన గుండీలు డబ్బానిండా తెచ్చుకున్నాడు. కొత్తవాళ్ళకి తెల్ల గుండీలు, అనుభవం ఉన్నవాళ్ళకి నల్లవి. టేబుల్ మీద వాటిని వరసలుగా పేర్చి, ఒక యుద్ధం జరిపి, పోయినవాటిని డబ్బాలో వేసి, ఆ ఖాళీల్లో తెల్లవి పెట్టి, మళ్ళీ యుద్ధం. కింద కుట్టుమిషన్ల చప్పుడుకి నేల సన్నగా అదురుతుంటే గుండీలు వాటంతటవే కొంచెం జరిగేవి. వాటిని వేలితో వెనక్కి నెట్టి, "పారిపోతున్నారక్కా" అనేవాడు. నవ్వేవాడు కాదు.

ఒకరోజు నన్ను పిలిచి ఒక దళం చూపించాడు. పది గుండీలు, అన్నీ నల్లవి. ఒక్కో యుద్ధానికి రెండు తీసి రెండు తెల్లవి పెడుతూ పోయాడు. ఐదు యుద్ధాలయ్యేసరికి అన్నీ తెల్లవే.

"జెండా అదే, పేరు అదే, జెండా మీద ఐదు గీతలు. లోపల ఒక్కడూ పాతవాడు లేడు. ఈ దళానికి అనుభవం ఉన్నట్టా లేనట్టా?"

పాతవాళ్ళు పోయేలోగా కొత్తవాళ్ళకి ఏదో ఒకటి నేర్పి ఉంటారు కదా అన్నాను. మంచి మాట అన్నట్టు తలూపి, మర్నాడు గోధుమరంగు గుండీలు తెచ్చాడు, సగం నేర్చుకున్నవాళ్ళ కోసం. దాంతో నాకు పూర్తిగా తికమకైపోయింది. పాతవాడి పక్కన ఎన్ని రోజులు కూర్చుంటే కొత్తవాడు గోధుమరంగుకి తిరుగుతాడు, ఆ పాతవాడే భయస్తుడైతే ఏం నేర్పుతాడు, ఇలా వారం రోజులు సాగింది. నా ఒక్క మాట వల్ల ఇంత పని పెరిగిందేమిటని నాకు సిగ్గేసింది.

మా కిటికీలోంచి చూస్తే రోడ్డుకి అవతల బస్సుల షెడ్డు కనిపించేది. గేటు పక్కన చిన్న గది. అందులో ఒక పొడుగాటి మనిషి, లోపలికొచ్చే బస్సుకీ బయటికెళ్ళే బస్సుకీ టైము రాస్తూ కూర్చునేవాడు. అది మాస్టారి అన్నయ్య అని నాకు చాలా రోజులదాకా తెలీలేదు. మధ్యాహ్నం అన్నం తింటుంటే, అతనే చెప్పాడు.

అన్నయ్య వయసులో ఉండగా సైన్యంలో పనిచేశాడట. ఎనభైమందిని ఏరు దాటించి, అవతలి గట్టు మీద మూడు రోజులు నిలబడమన్నారు. నిలబడలేకపోయారు. కానీ చెల్లాచెదరు కాకుండా, గాయపడ్డవాళ్ళని మోసుకుంటూ వరసలో వెనక్కి వచ్చారు. వచ్చినవాళ్ళు ఇరవై ఆరుమంది. రాగానే వాళ్ళని అనుభవం ఉన్నవాళ్ళ కింద లెక్కగట్టి, ఒక్కొక్కణ్ణీ ఒక్కో కొత్త దళానికి పంచిపెట్టారు, కొత్తవాళ్ళకి నేర్పమని.

"ఏం నేర్పాడు?" అని అడిగాను.

"నేనూ అదే అడిగానక్కా. బూట్లు పొడిగా ఉంచుకోమని చెప్పానురా అన్నాడు. ఇంకేం గుర్తులేదంటాడు."

ఆ మధ్యాహ్నమే అతనికి తోచింది. గెలిచినవాడికే గీత ఎందుకు ఇవ్వాలి? ఓడినా చెదిరిపోకుండా వెనక్కి వచ్చిన దళం నేర్చుకున్నది తక్కువేం కాదు. గెలిస్తే ఒక గీత, ఓడి వరస చెడకుండా వస్తే రెండు. గుండీలతో తొమ్మిది రోజులు ఆడి చూశాడు. గెలిచినవాడు బలుస్తున్నా ఓడినవాడు ముదురుతున్నాడు, తక్కెడ ఊగుతోంది గానీ ఒకవైపుకి పడిపోవడం లేదు. పదో రోజు కంప్యూటర్‌లో పెట్టాడు.

మహారాణి ఆ వారం పదకొండో యుద్ధంలో ఓడిపోయింది. టేబుల్ మీద గుద్దింది, బావని తిట్టింది, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. నాలుగు రోజులపాటు టీకి కూడా లేవలేదు. ఓనరు వచ్చి మాస్టారి భుజం మీద చెయ్యేసి, వచ్చే ఆటకి కూడా మీరే అని అందరి ముందూ అన్నాడు. మాస్టారు ఆ రోజు టీ వేడిగా తాగాడు.

మూడో వారంలో మహారాణి మళ్ళీ గెలవడం మొదలుపెట్టింది. వరసగా గెలుస్తోంది. ఎలాగో మాకెవరికీ అర్థం కాలేదు, ఆమే చెప్పేదాకా. కొత్త దళాన్ని కావాలనే బలమైన శత్రువు మీదికి తోలుతుంది. సగంమంది పోతారు, మిగతావాళ్ళు వరసలో వెనక్కి వస్తారు, రెండు గీతలు. ఆ ఖాళీలు నింపి మళ్ళీ తోలుతుంది, ఇంకో రెండు. అలా రెండు మూడుసార్లు చావగొట్టించి తెచ్చుకున్న దళాలతో అసలు యుద్ధం గెలుస్తుంది. ఆటలో ఎక్కడా అది తప్పు కాదు. మాస్టారు రాసిన లెక్కే.

ఆ మధ్యాహ్నమే అన్నయ్య మా మెట్లెక్కి వచ్చాడు. తమ్ముడు కళ్ళజోడు ఇంట్లో మరిచిపోతే ఇచ్చిపోదామని. నేను ఆయన్ని దగ్గరగా చూడడం అదే మొదలు. మాస్టారు కళ్ళజోడు తీసుకుని, కూర్చోమని చెప్పి, ఓనరు పిలిస్తే పక్క గదిలోకి వెళ్ళాడు. ఆయన కూర్చోలేదు. మహారాణి కుర్చీ వెనక నిలబడి తెర వంక చూశాడు. వంద చిన్న బొమ్మలు వంతెన దాటుతున్నాయి. అవతల వెయ్యి ఉన్నాయి.

అంత తక్కువమందిని ఎందుకమ్మా పంపుతున్నావు అని అడిగాడు. ఆమె తెర మీంచి కళ్ళు తిప్పకుండా, అనుభవం కోసమండీ, ఇంకో రెండుసార్లు తన్నులు తినొస్తే ముదురుతారు అంది. తర్వాత ఎవరో పెద్దాయనని గుర్తొచ్చి కొంచెం సర్దుకుంది.

"వాళ్ళకి తెలుసా అమ్మా, అందుకే పంపుతున్నావని?"

"తెలిస్తే ఎలా వెళ్తారు బాబాయ్‌గారూ? చెప్పకుండానే పంపాలి."

"వెనక్కి వచ్చాక చెప్తావా?"

మహారాణి తెర అంతా వెతికింది. నిజంగానే వెతికింది, పైనా కిందా. "చెప్పడానికి మీట లేదండీ" అంది.

ఆయన ఇంకాసేపు నిలబడ్డాడు. వంతెన మీద బొమ్మలు వెనక్కి తిరిగాయి, వరస చెడకుండానే. "మమ్మల్నీ ఇందుకే పంపారా?" అన్నాడు. ఎవరిని అడిగాడో నాకు తెలీదు. మహారాణి నన్ను చూసింది. పక్క గది గుమ్మంలో మాస్టారు నిలబడి ఉన్నాడు, ఎప్పుడు వచ్చాడో. అన్నయ్య బస్సు టైమైందని చెప్పి మెట్లు దిగిపోయాడు.

ఆ తర్వాత మాస్టారు ఓటమికి ఇచ్చే గీతలు తగ్గించి చూశాడు. వెంటనే గెలిచినవాడు మళ్ళీ మూడో యుద్ధానికే రాజైపోయాడు. కాస్త పెంచాడు, మహారాణి దళాల్ని మళ్ళీ తన్నులకి పంపింది. గెలిచినా ఓడినా సమానంగా ఇస్తే గొడవుండదు కదా అని నేనన్నాను. గుండీలు పేర్చి చూపించాడు, పది యుద్ధాలయ్యేసరికి అందరూ ఐదు గీతలవాళ్ళే, ఇంక గీతకి అర్థమే లేదు. వెయ్యిమందిలో ఎందరు పోతారో చెప్పగలిగిన మనిషి, తలపట్టుకుని కూర్చున్నాడు. నాకూ ఏమీ పాలుపోలేదు. అనుభవం అంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలుసనుకున్నాను. ముప్ఫయ్యేళ్ళు ప్రూఫులు దిద్దితే వచ్చేది అది అనుకున్నాను. నేను తప్పులు వదిలేసిన పుస్తకాల వల్ల ఎక్కువ నేర్చుకున్నానా, సరిగ్గా దిద్దిన పుస్తకాల వల్లా అని ఒక పూటంతా ఆలోచించి, తేలక, మానేశాను.

ఒక సోమవారం అతను ఓనరుకి చెప్పాడు, మీట పెడదామని. ఓడతారని తెలిసి పంపేటప్పుడు, ఆ సంగతి దళానికి చెప్పే మీట. చెప్పకుండా పంపితే నూటికి నూరుమందీ వెళ్తారు, కానీ తిరిగొచ్చాక సంగతి తెలుస్తుంది, ఇక ఆ రాజు మాట నమ్మరు, గీత పడదు. చెప్పి పంపితే కొందరే వెళ్తారు, తిరిగొచ్చినవాళ్ళకి రెండు గీతలు. ఓనరు ముఖం చిట్లించాడు గానీ మహారాణి, బావుంది బావా, ఇప్పుడు నేను నిజంగా ఆలోచించాలి అనేసరికి ఒప్పుకున్నాడు. ఇంక కావలసింది ఒక్క అంకె. చెప్పి పంపితే ఎంతమంది? పట్టికలో ఆ ఒక్క గడీ ఖాళీ. పన్నెండు రోజులుంది.

కనిపించినవాళ్ళందరినీ అడిగాడు. దర్జీ తన ఆరుగురు కుట్టేవాళ్ళనీ చూపించి, "ఆదివారం రమ్మంటేనే ఇద్దరొస్తారు, మీరు చావుకి రమ్మంటున్నారు" అన్నాడు. పది పెట్టండి, అదీ ఎక్కువే అంది మహారాణి. సగం పెట్టేయండి మాస్టారూ, ఎవడు చూడొచ్చాడు అన్నాడు ఓనరు. నన్ను మెట్ల మీద అడిగాడు, ఇద్దరం దిగుతుంటే. ఏం చెప్పానో మొదట్లోనే రాశాను.

అన్నయ్యని అడగడానికి వారం పట్టింది అతనికి. ఆయన జవాబు చెప్పడానికి నాలుగు రోజులు.

"ఏమన్నారు?" అని అడిగాను. ఆ రోజు ఆఖరు రోజు, పొద్దున పదిన్నర. అతను గుండీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మొదట వెళ్ళేవాడినేమోరా అన్నాడు. నిన్న పొద్దున్నే లేపి, కాదేమోరా అన్నాడు. సాయంత్రం షెడ్డు దగ్గర మళ్ళీ పిలిచాడు. మిగతావాళ్ళు లేచి నడుస్తుంటే నేనొక్కణ్ణీ కూర్చోలేను, ఎవరూ లేవకపోతే నేనూ లేవను, వాళ్ళూ నాలాగే అనుకునుంటే అన్నాడు."

"అంటే?"

"అంటే సున్నా అయినా కావచ్చక్కా, నూరైనా కావచ్చు. మధ్యలో ఏ అంకె పెట్టినా తప్పే."

నాకది అప్పుడు అర్థమైనట్టే అనిపించింది. ఇంటికి వెళ్ళాక కాలేదు. ఇప్పటికీ ఒకరోజు అవుతుంది, ఒకరోజు కాదు. రెండింట్లో ఏదో ఒకటి పెట్టొచ్చు కదా అన్నాను. నూరు పెడితే చెప్పినా చెప్పకపోయినా ఒకటే అవుతుంది, సున్నా పెడితే మీట ఎవరూ నొక్కరు అన్నాడు. ఒకసారి సున్నా, ఒకసారి నూరు వచ్చేట్టు పెడితే? ఎప్పుడేది రావాలో ఎవరు నిర్ణయించాలక్కా అన్నాడు. తల అటు వంచాడు, ఇటు వంచాడు. మా అన్నయ్య పక్కన ఎవరు కూర్చున్నారో నాకు తెలీదు కదా అన్నాడు.

పదకొండింటికి ఓనరు వచ్చాడు. ఆటని అమ్మకానికి తీసుకెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం వస్తున్నారు. మీ లెక్కంతా బ్రహ్మాండం మాస్టారూ, ఈ ఒక్కదానికోసం ఆపుతామా అంటూ పక్కనుంచి వంగి, ఆ గడిలో యాభై కొట్టాడు. పేచీ పెట్టాలని కాదు, సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. మహారాణి చప్పట్లు కొట్టింది. ఉద్యోగం నిలబడింది, గీతలు నిలబడ్డాయి. అందరూ పక్క గదిలోకి టీకి లేచారు.

మాస్టారు ఆ యాభై వంక కాసేపు చూశాడు. చెరుపుతాడేమో అనుకున్నాను. చెరపలేదు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు, రెండు కలాలూ పెట్టుకున్నాడు. గుండీల డబ్బా చంకన పెట్టుకుని, కుర్చీని చప్పుడు కాకుండా టేబుల్ కిందికి నెట్టాడు. టీ తాగడానికి కిందికి వెళ్తున్నాడనుకుని, పైనే పెడుతున్నారు తమ్ముడూ అన్నాను. వినబడిందో లేదో.

కిటికీలోంచి చూశాను. దర్జీ గుమ్మం దగ్గర ఆగి డబ్బా అక్కడ పెట్టాడు. రోడ్డు దాటి షెడ్డు గేటు దగ్గరికి వెళ్ళాడు. అన్నయ్య గదిలోంచి తల బయటికి పెట్టి చూశాడు. గేటులోంచి బయటికి వస్తున్న బస్సు వాళ్ళకీ నాకూ మధ్యలో ఒక్క క్షణం ఆగింది. అది కదిలి వెళ్ళాక గేటు దగ్గర అన్నయ్య ఒక్కడే ఉన్నాడు. చేతిగడియారం చూసుకుని, పుస్తకంలో టైము రాసుకున్నాడు.